డబ్బింగ్: ఒక మాట, రెండు పనులు

చిత్రీకరణ సమయంలో నటుడు పలికిన మాటకు బదులుగా, ఆ తరువాత వేరొక చోట, వేరొక వేళ పలికిన మాటను తెరమీది బొమ్మకు జతపరచడాన్ని చలనచిత్ర పరిభాషలో డబ్బింగ్ అంటారు. ఈ నిర్వచనం పొడిగా చూడడానికి సరళమే. అయితే తెలుగులోనూ, పొరుగు భాషలలోనూ ఈ ఒక్క మాట రెండు భిన్నమైన పనులకు పేరుగా స్థిరపడింది. ఒక తెలుగు చిత్రంలోని తెలుగు సంభాషణలనే, చిత్రీకరణ ముగిసిన తరువాత శబ్దగ్రహణశాలలో మళ్ళీ పలికించడం మొదటిది. ఒక భాషలో తీసిన చిత్రానికి మరొక భాషలోని సంభాషణలను అమర్చి ఆ భాషవారికి చూపడం రెండవది. మొదటిదానిలో మారేది శబ్దం మాత్రమే. రెండవదానిలో శబ్దంతో పాటు భాష కూడా మారుతుంది.

స్టూడియోలో పనిచేసేవారికి డబ్బింగ్ అనగానే మొదటి అర్థం స్ఫురిస్తుంది. ప్రేక్షకునికి రెండవది స్ఫురిస్తుంది. కోలారు, బళ్ళారి, హోసూరు, బ్రహ్మపురం వంటి చోట్ల రెండు మూడు భాషల గోడప్రకటనలను పక్కపక్కనే చదువుకునే తెలుగువారికి ఈ రెండవ అర్థం మరీ పరిచితం. ఆ ప్రాంతాలలో ఈ మాట ఒక సాంకేతిక పదంగా మాత్రమే ఉండిపోలేదు. ఏ చిత్రం ఏ భాషలో వినబడాలి, ఏ చిత్రానికి ప్రదర్శనశాల దొరకాలి అనే వివాదాలలో అది చాలాసార్లు కేంద్రబిందువైంది. అందువల్ల దాని అర్థభేదాలను తెలుసుకోవడం కేవలం నిఘంటు వినోదం కాదు.

మాట పుట్టుక

ఆంగ్లంలో రెట్టింపు అనే అర్థంగల 'డబుల్' అనే మాట కుదించుకుపోగా 'డబ్' అనే క్రియ ఏర్పడింది. 1920ల చివర, మూకీలు పోయి టాకీలు వచ్చిన రోజులలో అది వాడుకకు వచ్చింది. ఉన్న శబ్దాన్ని మరొకమారు లిఖించడం, ఉన్నదానిపై మరొకటి చేర్చడం అనేవి దాని మొదటి అర్థాలు. వీరునికి బిరుదునివ్వడం అనే అర్థంలో ఆంగ్లంలో ఇదే రూపంతో మరొక పాత క్రియ ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. మన డబ్బుతో గానీ డబ్బాతో గానీ కూడా సంబంధం లేదు. తక్కువ ఖర్చుతో డబ్బు తెచ్చిపెట్టే వ్యాపారం గనుక డబ్బింగ్ అన్నారని చెప్పే చమత్కారం చెవికి ఇంపుగా ఉన్నా అది చమత్కారమే.

ఇంగ్లండులో ఇదే మాటకు మరొక ప్రయోగం ఉంది. సంభాషణ, సంగీతం, పరిసర ధ్వనులు మూడింటినీ ఒకటిగా కలిపే తుది మేళనాన్ని అక్కడ డబ్బింగ్ అంటారు. మదరాసు పరిశ్రమలో ఈ అర్థం నిలవలేదు. తుది మేళనానికి ఇక్కడ మిక్సింగ్ అన్న మాట స్థిరపడింది. ఇతర దేశాలలో ఆ మేళనానికే వాడే రీరికార్డింగ్ అన్న మాటను దక్షిణాదిలో నేపథ్య సంగీత రచనకు వాడుతున్నారు. సాంకేతిక పదాలు సముద్రం దాటివచ్చినప్పుడు పక్కింటి అర్థాలను తగిలించుకోవడం కొత్త కాదు గాని, విదేశీ గ్రంథాలు చదివి ఇక్కడ పనిలో చేరే విద్యార్థులు మొదట తడబడేది ఈ రెండు మాటల దగ్గరే.

గొంతు, ముఖం వేరుపడిన తీరు

1927లో వచ్చిన 'ది జాజ్ సింగర్' తరువాత అమెరికా, ఐరోపా స్టూడియోలకు ఒక చిక్కు వచ్చింది. మూకీలలో పేరు పొందిన తారలందరి ఉచ్చారణా మాటల చిత్రాలకు పనికి రాలేదు. 1929లో హిచ్‌కాక్ తీసిన 'బ్లాక్‌మెయిల్'లో కథానాయిక ఆనీ ఓంద్రా ఆంగ్ల ఉచ్చారణ తగినట్లుగా లేదు. శబ్దాన్ని తరువాత అతికించే సౌకర్యం అప్పటికి లేదు కనుక, జోన్ బారీ అనే నటి కెమెరా కంటబడకుండా నిలిచి మాటలు పలుకుతుండగా ఓంద్రా పెదవులు కదిపింది. గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అనే ఏర్పాటు అక్కడ ఏకకాలంలోనే జరిగింది. ఇదే చిక్కును కథావస్తువుగా చేసుకొని 1952లో 'సింగిన్ ఇన్ ద రెయిన్' వచ్చింది.

మన దేశంలో 1931 మార్చి 14న 'ఆలం ఆరా' విడుదలైంది. అదే సంవత్సరం అక్టోబరు 31న వచ్చిన 'కాళిదాస్' తమిళ చిత్రంగా ప్రసిద్ధమైనా అందులో తెలుగు మాటలూ వినిపించాయి. ఎవరి భాష వారు పలికారు. ఒకరి భాషను మరొకరి పెదవులపై పెట్టే విద్య అప్పటికి రాలేదు. 1932లో తెలుగు 'భక్త ప్రహ్లాద' వచ్చింది. ఆ కాలపు నటులు కెమెరా ముందే పాడాలి, కెమెరా ముందే పలకాలి. వాద్యకారులు చెట్టు చాటునో తెర వెనుకనో కూర్చొని వాయించాలి. రంగస్థలం మీద పద్యం పాడి మెప్పించిన నటులకు అందువల్లనే తొలి టాకీలలో పెద్దపీట దక్కింది.

గొంతును ముఖం నుంచి విడదీసిన మొదటి సాధనం పాట. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారి 'భాగ్యచక్ర', దాని హిందీ రూపం 'ధూప్ ఛావ్' చిత్రాలతో నేపథ్యగానం ప్రవేశించింది. దక్షిణాదిన 1938లో వచ్చిన తమిళ 'నందకుమార్'లో ఏ.వి. మెయ్యప్ప చెట్టియార్ ఈ పద్ధతిని ప్రయోగించారు. పాటకు ఒప్పుకున్న ప్రేక్షకుడు మాటకూ ఒప్పుకుంటాడని ఆయన ఊహించారు. ఆ ఊహ ఫలించడానికి మరి ఆరేళ్ళు పట్టింది.

మొదటి అర్థం: స్వభాషా డబ్బింగ్

మిచెల్ వంటి పెద్ద కెమెరాలకు శబ్దనిరోధక కవచం ఉండేది. స్టూడియో అంతస్తులో, నాలుగు గోడల మధ్య, ఆ కెమెరాతో చిత్రీకరిస్తూనే మాటలను లిఖించగలిగేవారు. 1960ల చివరి నుంచి చిత్రీకరణ బయటి ప్రదేశాలకు తరలింది. తేలికైన ఆరిఫ్లెక్స్ కెమెరాలు వచ్చాయి. అవి నడిచేటప్పుడు కుట్టుమిషను వలె చప్పుడు చేసేవి. దానికి తోడు రోడ్డు, కాకి, గాలి, చుట్టూ మూగిన జనం. ఇటువంటి పరిస్థితులలో లిఖించిన శబ్దం ప్రదర్శనకు పనికిరాదు. అందుచేత అక్కడ పలికిన మాటలను ఆనవాలు కోసం మాత్రమే టేపుపై పట్టుకొని, అసలు మాటలను తరువాత శబ్దగ్రహణశాలలో పలికించడం రివాజైంది. ఆనవాలు కోసం పట్టిన ఆ శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటారు.

ఆ పని జరిగిన తీరు నేటివారికి వింతగా తోస్తుంది. సంభాషణ ఉన్న దృశ్యాన్ని చిన్నచిన్న తునకలుగా కత్తిరించి, ప్రతి తునక రెండు కొసలనూ కలిపి అతికించి చక్రంగా చేసేవారు. దానిని లూప్ అనేవారు. ప్రొజెక్టరులో ఆ చక్రం తిరుగుతూ ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూపేది. కళాకారుడు చీకటి గదిలో, మైకు ముందు నిలుచుండి, చెవిలో పైలట్ ట్రాక్ వింటూ, తెరమీది పెదవులను గమనిస్తూ, అవి తెరుచుకునే క్షణానికి మాటను అందుకోవాలి. ఒక్క వాక్యానికి పది పదిహేను చుట్లు తిరగడం సామాన్యం. ఇద్దరు మాట్లాడుకునే దృశ్యంలో ఇద్దరూ ఒకేసారి నిలబడి చెప్పాలి. ఒకరు తడబడితే ఇద్దరూ మొదటికి రావాలి. ఫిల్మును ముందుకూ వెనుకకూ నడపగల యంత్రాలు వచ్చాక లూపులు కత్తిరించే శ్రమ తప్పింది. 1990ల నుంచి కంప్యూటరు వచ్చి తడబడిన అక్షరాన్ని మాత్రమే తిరిగి లిఖించే వీలు కలిగింది. మాటను రెండు ఫ్రేములు ముందుకు జరపడమూ, సాగదీయడమూ సాధ్యమయ్యాయి. కళాకారులు విడివిడిగా, వేర్వేరు రోజులలో, వేర్వేరు నగరాలలో చెబుతున్నారు. ఎదుటివాని గొంతు వినకుండానే అతనికి సమాధానం చెప్పడం నేటి డబ్బింగ్‌లోని అభినయ క్లేశం.

హాలీవుడ్‌లో ఈ పనిని సంభాషణ దెబ్బతిన్న చోట మాత్రమే చేసే మరమ్మతుగా చూస్తారు. మన వద్ద చిత్రం మొత్తానికీ చేయడం ఆచారం. ఇటలీలోనూ చాలాకాలం ఇదే ఆచారం. ఫెలీనీ తన నటుల చేత కొన్నిసార్లు సంభాషణలకు బదులు అంకెలు చెప్పించి, మాటలను తరువాత అతికించేవాడు. చిత్రీకరణతో పాటే శబ్దాన్ని గ్రహించే పద్ధతిని సింక్ సౌండ్ అంటారు. 2001లో 'లగాన్' ఆ పద్ధతిలో తీయడంతో దేశంలో దానిపై కొత్త ఆసక్తి పుట్టింది. అది కొత్త పద్ధతి అన్నట్లు పత్రికలు రాశాయి. నిజానికి అది 1931 నాటి పద్ధతే. తిరిగి వచ్చిందంతే.

స్వభాషా డబ్బింగ్ వల్ల ఒక పరిణామం కలిగింది. తెలుగు రాని నటి తెలుగు కథానాయిక కావచ్చు. పెదవులు కదిపితే చాలు, గొంతు మరొకరిది. ఈ సౌకర్యం మీద దశాబ్దాల తరబడి తెలుగు తెర నడిచింది. ప్రహ్లాదునిగా 1967లో బాలనటిగా ప్రసిద్ధురాలైన రోజారమణి, పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతయింది. ఒడియా చిత్రాలలోనూ నటించిన ఆమె, తెలుగు తెరపై ఎక్కువకాలం వినబడింది గాని కనబడలేదు. సరిత, సునీత, చిన్మయి వంటివారు ఆ వరుసలోనివారు. 2010లో 'ఏ మాయ చేసావే' నుంచి సమంతకు చిన్మయి గొంతు ఎంతగా అతికిపోయిందంటే, 2018లో 'మహానటి'లో సమంత తన మాటలు తానే చెప్పుకున్నప్పుడు అది వార్త అయింది. నటి తన గొంతుతో మాట్లాడడం వార్త కావడంలోని వింతను అప్పట్లో గమనించినవారు తక్కువ.

రెండవ అర్థం: భాషాంతర డబ్బింగ్

మెయ్యప్ప చెట్టియార్ ఊహ ఫలించింది 1944లో. 1943లో కన్నడంలో వచ్చిన 'సత్య హరిశ్చంద్ర'కు ఆయన తమిళ సంభాషణలను అమర్చి విడుదల చేశారు. భారతదేశంలో ఒక భాష నుంచి మరొక భాషకు డబ్ అయిన తొలి చిత్రంగా దీనిని చెబుతారు. తొలిసారి ఈ ప్రక్రియకు మూలమైనది కన్నడ చిత్రమన్న సంగతి గుర్తుంచుకోదగినది. తరువాతి చరిత్రలో దాని ప్రాధాన్యం తెలుస్తుంది.

తెలుగులోకి వచ్చిన తొలి డబ్బింగ్ చిత్రం 1950 నాటి 'ఆహుతి'. హిందీ 'నీరా ఔర్ నందా' దీనికి మూలం. మాటలు, పాటలు రాసినవాడు శ్రీశ్రీ. ఆయన చలనచిత్ర రచనకు ఇది ప్రారంభం. ఆధునిక కవిత్వానికి మార్గం వేసిన కవి సినిమాలో అడుగుపెట్టినది ఎవరివో పెదవుల కదలికలను కొలుచుకుంటూ. ఆ తరువాత ఆరుద్ర, అనిసెట్టి, రాజశ్రీ, వెన్నెలకంటి మొదలైనవారు ఈ రచనలో సిద్ధహస్తులనిపించుకున్నారు. 1992లో తెలుగు 'రోజా' పాటలు విన్నవారిలో చాలామంది అవి అనువాదాలన్న సంగతినే మరచిపోయారు. ఆ ఘనత రాజశ్రీది.

ఈ రచన ఎందుకు కష్టమో ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. ప, బ, మ అక్షరాలు పలికేటప్పుడు రెండు పెదవులూ కలుస్తాయి. దగ్గరగా తీసిన దృశ్యంలో పెదవులు కలిసిన చోట అటువంటి అక్షరం పడకపోతే ప్రేక్షకునికి కారణం తెలియకపోయినా ఏదో కుదరలేదని తెలిసిపోతుంది. తమిళంలో ఒక పాత్ర 'నాన్ వరమాట్టేన్' అందనుకుందాం. దాని తెలుగు 'నేను రాను'. నాలుగు అక్షరాలు, పెదవులు ఒక్కసారీ కలవవు. తెరమీద మాత్రం నాలుగవ అక్షరం దగ్గర పెదవులు కలిశాయి. ఎదుట ఉన్నది తల్లో అక్కో అయితే రచయిత 'నేను రానమ్మా' అని గట్టెక్కుతాడు. ఎదుట ఉన్నది పోలీసు అధికారి అయితే ఆ దారి మూసుకుపోతుంది.

ఇదే మాట కన్నడంలో 'నాను బరోదిల్ల'. ఆరు అక్షరాలు, మూడవ అక్షరం దగ్గర పెదవులు కలిశాయి. 'నేను మాత్రం రాను' అంటే లెక్క సరిపోతుంది. కాని 'మాత్రం' చివరి సున్నా దగ్గర పెదవులు మరొకమారు కలవాలి, తెరమీద అవి విచ్చుకొని ఉన్నాయి. 'నేను మళ్ళీ రాను' అంటే పెదవులకు పూర్తిగా సరిపోతుంది, అర్థం మారిపోతుంది. రాననడం వేరు, మళ్ళీ రాననడం వేరు. దూరపు దృశ్యమైతే మొదటిది, దగ్గరి దృశ్యమైతే రెండవది పెట్టి, ముందు వెనుక సంభాషణలను దానికి తగినట్లు సర్దడం రచయిత పని. డబ్బింగ్ చిత్రాలలో పాత్రలు అకారణంగా 'అమ్మా', 'మామా', 'పాపం', 'మరి' అంటుండడం వెనుక ఈ అవస్థ ఉంది. దానిని రచయిత అజ్ఞానమని వెక్కిరించిన విమర్శకులు ఆ పెదవులను ఒకసారి చూడవలసింది.

క్రియలు, పదబంధాల స్థానం వలన కలిగే చిక్కులు ఇంత పెద్దవి కావు. తెలుగు, కన్నడం, తమిళం మూడింటిలోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది కనుక, కోపం ఏ మాట మీద పొంగిందో ఆ మాట దాదాపు అదే చోట దొరుకుతుంది. హిందీ నుంచీ ఫరవాలేదు. ఆంగ్ల చిత్రాల దగ్గరే ఇది తలకిందులవుతుంది.

దానం అనే పదం

గొంతునిచ్చే పనికి తెలుగు పత్రికలు గాత్రదానం అన్న మాటను అలవాటు చేశాయి. కన్నడంలో కంఠదాన అంటారు. తమిళులు పిన్నణి కురల్, అంటే నేపథ్యంలోని గొంతు, అంటారు. భాషాంతరానికి వారు మొళిమాట్రం అంటే, తెలుగువారు అనువాద చిత్రం అంటారు. తమిళ పదాలు పనిని వర్ణిస్తే, తెలుగు కన్నడ పదాలు దానిని పుణ్యకార్యంగా మార్చాయి. పారితోషికం తీసుకొని చేసే వృత్తిని దానమనడం ఎంతవరకు సబబో ఆలోచించదగిన విషయమే. ఆ గౌరవవాచకం చాటున పేరు వేయకపోవడం చాలాకాలం సాగింది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాటలతో సమానంగా మాటలకూ గొంతునిచ్చారు. 1976 నాటి తమిళ చిత్రానికి తెలుగు రూపమైన 'మన్మథలీల'తో కమల్ హాసన్‌కు ఆయన గొంతు తెలుగున స్థిరపడింది. 1982 నాటి 'గాంధీ' తెలుగు రూపంలో బెన్ కింగ్‌స్లీకి, 1997లో 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుని పాత్రధారి సుమన్‌కు కూడా ఆయనదే గొంతు. వీటిలో మొదటి రెండూ భాషాంతర డబ్బింగ్, మూడవది స్వభాషా డబ్బింగ్.

సాయికుమార్ కథ ఈ మాటకున్న రెండర్థాలనూ ఒక్క జీవితంలో చూపుతుంది. తండ్రి పి.జె. శర్మ డబ్బింగ్ కళాకారుడు, తల్లి కృష్ణజ్యోతి కన్నడ చిత్రాలలో నటించినవారు. సుమన్‌కు, రాజశేఖర్‌కు తెలుగు తెరపై గొంతు సాయికుమార్. 1995లో 'బాషా' తెలుగు రూపంలో రజనీకాంత్‌కూ ఆయనే. ఇందరు కథానాయకుల నోట గర్జించిన ఆ గొంతు తన ముఖంతోనే గర్జించడానికి కన్నడం దారి ఇచ్చింది. 1996లో కన్నడ 'పోలీస్ స్టోరీ'లో ఆయన కథానాయకుడు. ఆ చిత్రం తెలుగులోకి డబ్ అయి విజయం సాధించింది. తెలుగు గళం తన తెలుగు ముఖాన్ని చేరుకోవడానికి కన్నడం మీదుగా చుట్టి రావలసి వచ్చింది. సోదరుడు రవిశంకర్ 2009లో 'అరుంధతి' ప్రతినాయకుడు సోనూ సూద్‌కు చెప్పిన గొంతుతో ఇంటిపేరు వంటి బిరుదునే పొంది, 2011లో కన్నడ 'కెంపేగౌడ'లో నటుడిగా స్థిరపడ్డారు.

కర్ణాటకలో ఈ మాట

1960 దశకంలో కర్ణాటకలో డబ్బింగ్ వ్యతిరేకోద్యమం సాగింది. రచయిత అ.న. కృష్ణరావు, కన్నడ పోరాటయోధుడు మ. రామమూర్తి దానికి ముందు నిలిచారు. నటుడు రాజ్‌కుమార్ అండగా నిలిచారు. అప్పటి కన్నడ చిత్రపరిశ్రమ చిన్నది, ఎక్కువ భాగం మదరాసు స్టూడియోల మీద ఆధారపడినది. ఏటా తయారయ్యే కొద్దిపాటి కన్నడ చిత్రాల మీదికి తెలుగు, తమిళ, హిందీ చిత్రాలు కన్నడ గొంతులు తొడుక్కొని వస్తే కన్నడ నటునికీ సాంకేతికునికీ పని మిగలదన్నది వారి భయం. ఆ భయం నిరాధారం కాదు. తెలుగు 'మాయాబజార్' కన్నడ గొంతులతో వచ్చి ఆదరణ పొందిన రోజులవి.

ఉద్యమం ఫలించి, డబ్బింగ్ చిత్రాలు ఆగిపోయాయి. దీనికోసం ఏ శాసనమూ చేయలేదు. వాణిజ్య మండలి, నిర్మాతలు, ప్రదర్శకుల మధ్య కుదిరిన కట్టుబాటుతోనే అర్ధశతాబ్దం నడిచింది. నిషేధం రెండవ అర్థానికే. మొదటి అర్థంలోని డబ్బింగ్ కన్నడ శబ్దగ్రహణశాలలలో ప్రతిదినమూ సాగింది. కన్నడం రాని నటీమణులకు కన్నడ గొంతులు అమరుతూనే వచ్చాయి. 'డబ్బింగ్ వద్దు' అన్న నినాదానికి అర్థం 'భాషాంతరం వద్దు' అని.

ఈ కట్టుబాటు వల్ల కలిగిన ఒక ఫలితాన్ని ఉద్యమకారులు ఉద్దేశించి ఉండరు. కన్నడంలోకి మార్చే వీలు లేదు కనుక తెలుగు చిత్రం తెలుగుగానే కర్ణాటకకు వచ్చింది. బళ్ళారి, రాయచూరు, కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలలోని తెలుగువారు తమ భాషను తెరమీద అసలు గొంతులతోనే విన్నారు. పాఠశాలలో తెలుగు చదవని తరాలకు కూడా ఆ ప్రదర్శనశాల ఒక తెలుగు బడి అయింది. పొరుగు కన్నడిగులలో ఎందరో తెలుగును అర్థం చేసుకోవడం అక్కడే నేర్చారు. తమిళనాట ఇటువంటి కట్టుబాటు లేదు. అయినా 1978లో 'మరో చరిత్ర' తెలుగులోనే మదరాసులో 500 రోజులకు మించి ఆడింది. మంచి చిత్రం భాష మారకుండానే సరిహద్దు దాటగలదని అది చూపింది గాని, ప్రతి చిత్రమూ 'మరో చరిత్ర' కాదు.

తమ భాషలో అన్ని చిత్రాలూ చూసే హక్కు కన్నడ ప్రేక్షకునికి ఉందంటూ కన్నడ గ్రాహకర కూట భారత పోటీ కమిషన్‌ను ఆశ్రయించింది. 2015 జులైలో కమిషన్ ఆ కట్టుబాటును పోటీ నిరోధక చర్యగా నిర్ణయించి కర్ణాటక చలనచిత్ర వాణిజ్య మండలి మొదలైనవాటిపై జరిమానాలు విధించింది. బెంగాలీలోకి డబ్ చేసిన మహాభారత ధారావాహికను అడ్డుకున్న ఉదంతంలో 2017 మార్చి 7న సుప్రీంకోర్టు కూడా కమిషన్ దృక్పథాన్నే సమర్థించింది. అదే నెలలో ఒక తమిళ చిత్రం 'సత్యదేవ్ ఐపీఎస్' పేరుతో కన్నడంలో విడుదలైంది. 2019లో 'డియర్ కామ్రేడ్', 'సైరా నరసింహారెడ్డి' కన్నడ గొంతులతో వచ్చాయి.

తరువాతి మలుపు వేగంగా వచ్చింది. 2018 డిసెంబరులో 'కేజీఎఫ్' తెలుగు రూపం విడుదలై పెద్ద విజయం సాధించింది. తెలుగు, తమిళం మాట్లాడే కార్మికులు తరతరాలుగా నివసించిన కోలారు గనుల కథ కన్నడంలో తయారై తెలుగులోకి అనువాదమై వచ్చింది. 2022లో 'కాంతార' కన్నడం సెప్టెంబరు 30న, తెలుగు అక్టోబరు 15న విడుదలయ్యాయి. అదే ఏడాది మార్చి 19న 'ఆర్ఆర్ఆర్' చిత్రం విడుదలకు ముందరి సభ చిక్కబళ్ళాపురంలో జరిగింది. కథానాయకులిద్దరూ కన్నడ సంభాషణలు తామే చెప్పుకున్నారు. అయినా విడుదలకు రెండు మూడు రోజుల ముందు, కర్ణాటక ప్రదర్శనశాలలలో కన్నడ రూపానికి చోటు దక్కడం లేదని, తెలుగు రూపమే నిండిపోయిందని నిరసన రేగింది. డబ్బింగ్ వద్దన్న గడ్డ మీదనే డబ్బింగ్ రూపం ఎందుకు చూపరన్న ప్రశ్న వినబడింది. అరవై ఏళ్ళలో నినాదం తిరగబడింది. వెనుకనున్న కోరిక, తెరమీద కన్నడం వినబడాలన్నది, మారలేదు.

తెలుగునాట ఈ మాట చుట్టూ వేరొక తగవు నడిచింది. డబ్బింగ్ కానిదానికి స్ట్రెయిట్ చిత్రమన్న పేరు ఇక్కడ పుట్టింది. వంకర ఒకటి ఉన్నప్పుడే తిన్ననిదానికి ఆ విశేషణం కావలసివస్తుంది. 2022 నవంబరులో తెలుగు నిర్మాతల మండలి, పండుగ దినాలలో ప్రదర్శనశాలలను స్ట్రెయిట్ తెలుగు చిత్రాలకే ముందుగా ఇవ్వాలని ప్రకటించింది. అప్పటికి సంక్రాంతి పోటీలో 'వారసుడు' ఉంది. నిర్మాత దిల్ రాజు తెలుగువాడు, దర్శకుడు వంశీ పైడిపల్లి తెలుగువాడు, కథానాయకుడు విజయ్ తమిళుడు, చిత్రీకరణ తమిళం. ఇది తెలుగు చిత్రమా, డబ్బింగ్ చిత్రమా? ఎవరు తీశారన్నది ప్రమాణమైతే ఒక సమాధానం, పెదవులు ఏ భాష పలికాయన్నది ప్రమాణమైతే మరొకటి. తమిళ రూపం 2023 జనవరి 11న, తెలుగు రూపం జనవరి 14న వచ్చాయి. 2015 నాటి 'బాహుబలి' వలె తెలుగు తమిళాలలో విడివిడిగా చిత్రీకరించిన చిత్రాలను ద్విభాషా చిత్రాలంటారు. వాటికి ఈ ప్రశ్న రాదు.

వాడుక

నామవాచకంగా రెండర్థాలకూ ఒకటే అయిన ఈ మాట, క్రియతో కలిసినప్పుడు తెలుగులో చక్కగా విడిపోతుంది. 'ఆమె ఆ నటికి డబ్బింగ్ చెప్పింది' అంటే గొంతునిచ్చిందని అర్థం. 'ఆ చిత్రాన్ని తెలుగులోకి డబ్ చేశారు' అంటే భాషాంతరం. చెప్పడమైతే 'కి' ప్రత్యయంతో మనిషి వస్తాడు, చేయడమైతే 'లోకి' ప్రత్యయంతో భాష వస్తుంది. 'తనకు తానే డబ్బింగ్ చెప్పుకుంది' అన్న ప్రయోగం మొదటి అర్థానికే చెల్లుతుంది. చెప్పేది కళాకారుడు, చెప్పించేది దర్శకుడు, చేసేది నిర్మాత. తమిళంలోనూ 'డబ్బింగ్ పేసు' అన్న ప్రయోగం ఇలాగే గొంతునివ్వడానికి పరిమితమైంది. వ్యాకరణవేత్తల ప్రమేయం లేకుండా జనమే చేసుకున్న ఈ విభజనను పత్రికలు పాటిస్తే, 'డబ్బింగ్‌పై నిషేధం' వంటి శీర్షికలలోని అస్పష్టత తొలగుతుంది. 'అనువాద చిత్రాలపై నిషేధం' అంటే సరిపోయేది.

వాడుకలో దీనికి లాక్షణికార్థం కూడా ఏర్పడింది. ఒకరి మాట, చేత కుదరనప్పుడు 'డబ్బింగ్ సినిమాలా ఉంది' అంటారు. రాసిచ్చిన మాటలు వల్లించేవానిని 'ఎవరికో డబ్బింగ్ చెబుతున్నాడు' అంటారు.

ఇటీవల ఈ క్రియకు కర్తే లేకుండా పోయే ప్రమాదం వచ్చింది. 2020 సెప్టెంబరు 25న మరణించిన బాలసుబ్రహ్మణ్యం గొంతును, 2023లో విడుదలైన ఒక తెలుగు చిత్రం కోసం కృత్రిమ మేధతో తిరిగి సృష్టించారు. తమ అనుమతి తీసుకోలేదంటూ కుటుంబం తరఫున ఆ చిత్ర నిర్మాతలకు న్యాయవాది నోటీసు వెళ్ళిన సంగతి 2024 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. కమల్ హాసన్‌కూ, గాంధీ పాత్రధారికీ, వేంకటేశ్వరుని పాత్రధారికీ గొంతునిచ్చిన వ్యక్తి విషయంలో, చెప్పినదెవరు అన్న ప్రశ్నకు సమాధానం లేని డబ్బింగ్ అది. దానిని గాత్రదానమని మాత్రం ఏ పత్రికా రాయలేదు.